పరాసు మేడ

మేడను కూల్చడానికి మిషన్లు వచ్చాయని మా చిన్నాయన కొడుకు శ్రీను ఫోన్ చేశాడు. "అక్కా, రేపు పొద్దున మొదలుపెడతారంట. చూసుకోవాలని ఉంటే ఎండ ఎక్కకముందే రా" అన్నాడు. అమ్మకం కాగితాల మీద సంతకాలు పెట్టింది మేమిద్దరమే. సగం వాడిది, సగం నాది. అందువల్ల చూడలేనని చెప్పే హక్కు కూడా నాకు లేదనిపించింది. గిద్దలూరులో ఆటో మాట్లాడుకుని రాచర్ల దారిలో పోయి, గుండ్లకమ్మ వంతెన దగ్గర దిగి, కంపచెట్ల మధ్య కాలిబాటన నడిచాను. మోకాళ్ల నొప్పులతో అరగంట పట్టింది. చిన్నప్పుడు ఆ బాట వెడల్పుగా ఉండేది, రెండు పక్కలా కానుగ చెట్లు. రెండు ఎద్దుల బండ్లు ఎదురైనా ఒకదానికొకటి తగలకుండా పోయేవి.

నేను పోయేసరికి పని మొదలైంది. లోపల నడిమి గోడను ముందు తీస్తామన్నారు. అది తర్వాత కట్టింది, పాత గోడల్లోకి కలపకుండా మధ్యలో నిలబెట్టింది, అందుకని సులువుగా వస్తుందట. నిజమే. మిషన్ రెండుసార్లు నెట్టేసరికి పై కప్పు దాకా ఉన్న గోడ ఒక పక్కకు ఒరిగి దుమ్మై కూలింది. డ్రైవరు టీ తాగడానికి దిగాడు. దుమ్ము అణిగాక లోపలికి చూస్తే, యాభై ఏళ్లకు పైగా రెండు ముక్కలుగా ఉన్న హాలు మా తాత కట్టించినట్టే నిండుగా కనిపించింది. రెండు పక్కల నుంచి వంపు తిరిగి లేచిన మెట్లు పైన ఒక్క చోట కలుసుకుంటూ కనిపించాయి. శ్రీను గోడ కట్టిన తర్వాత పుట్టినవాడు. నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "ఇంత పెద్దదా అక్కా ఈ హాలు? నేను పెరిగింది దీంట్లో సగంలోనా?" అన్నాడు. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా, ఒక పావుగంట, ఆ హాలు అట్లా ఉంది. ఆ పావుగంటలో నాకు గుర్తొచ్చిందంతా మా నాయన అక్క రత్నమ్మత్తే.

చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఆ ఇంటిని పరాసు మేడ అనేవారు. పాండిచ్చేరిని ఏలిన ఫ్రెంచివాళ్లను మా పెద్దవాళ్లు పరాసులు అని పిలిచేవాళ్లు. మా తాతది మార్కాపురంలో బడిపలకల వ్యాపారం. సరుకు పంపే పని మీద ఒకసారి పాండిచ్చేరి దాకా పోయినప్పుడు, ఊరి బయట ఏటి ఒడ్డున ఒక దొర బంగళా చూశాడు. దొర లేడు. వంటవాడు అరవం కలిసిన తెలుగులో కబుర్లు చెప్పాడట. ఈ బంగళా దొర సొంత దేశంలో వాళ్ల తాతల ఇంటికి నకలనీ, ఆ ఇల్లు కూడా ఇట్లాగే పెద్ద ఏటి ఒడ్డున ఉంటుందనీ, అక్కడ ఇంటి కప్పుకు పెంకులు వాడరు, నల్ల పలకలు పరుస్తారనీ చెప్పాడట. తాతకు ఆ చివరి మాట తలకెక్కింది. "మన పిల్లోళ్లు ఓనమాలు దిద్దే రాయి అక్కడ దొరల నెత్తిన గొడుగంట" అని చనిపోయేదాకా చెప్పుకున్నాడు. వెంట తీసుకుపోయిన నమూనా పలకల్లో ఒకదాని మీద అక్కడే బలపంతో ఆ ఇంటి ముందుభాగం గీసుకుని, గీత చెరగకుండా పంచెలో చుట్టి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. వంటవాడు ఆయన్ను వరండా దాటి లోపలికి రానివ్వలేదు. అందుకే మా ఇల్లు ముందు నుంచి చూస్తే పరాసు, లోపలికి పోతే మార్కాపురం. బయట ఎత్తైన కిటికీలు, కమానులు, మధ్యలో గుండ్రటి బాల్కనీ. లోపల దేవుడి గది, అటక, గాదెలు, పచ్చళ్ల జాడీల గది. హాల్లోని జంట మెట్లు మాత్రం వరండాలో నిలబడి తలుపు సందులోంచి చూసినవట.

కట్టింది ఖాసిం మేస్త్రి. ఏటి అవతలి పల్లెలో దూదేకుల ఆయన. ప్లానూ లేదు, ఇంజనీరూ లేడు, ఒక్క పలకే. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి నూరించాడు. పై పూతకు కోడిగుడ్ల తెల్లసొన పడితే తప్ప నునుపు రాదన్నాడు. మా అవ్వ ససేమిరా అంది. "కోమట్ల ఇంటి గోడలో కోడిగుడ్డేంది మేస్త్రీ, నేనా ఇంట్లో దీపం పెట్టేదెట్ల" అంది. తాత అవ్వ ముందు సరేనన్నాడు. అప్పుడు మా అత్తకు పదేళ్లు. మేస్త్రి కూతురు మస్తానమ్మకూ అంతే. ఇద్దరూ సున్నానికి చిన్న ముంతలతో నీళ్లు మోసేవాళ్లు. తెల్లవారకముందే పల్లె నుంచి గంపలో గుడ్లు వచ్చేవనీ, అవ్వ లేచేలోగా సొన కలిపి పెంకులు ఇసుకలో పాతిపెట్టేవాళ్లమనీ అత్త నాకు చెప్పేది. అవ్వ అరచేత్తో గోడలు నిమురుతూ "చూసినావా, గుడ్డు లేకపోయినా అద్దమాదిరి వచ్చింది" అని వచ్చినవాళ్లందరికీ చూపించేదట. ఆ రహస్యం అవ్వకు ఎన్నడూ తెలియలేదు.

ఇల్లు అందమైనదే కాని మా ఎండలకు పనికొచ్చేది కాదు. నల్ల పలకల కప్పు చైత్రం వచ్చేసరికి పెనంలా కాలేది, నాలుగు నెలలు పైకి ఎవరమూ ఎక్కేవాళ్లం కాదు. వాన పడితే పలకల సందుల్లోంచి కారేది. ఆ తొలి వానకు కాలిన పలకల నుంచి లేచే వాసన మాత్రం నాకు మరెక్కడా దొరకలేదు. బడిలో తడిగుడ్డతో పలక తుడిచినప్పుడు వచ్చే వాసనే, ఇంటి మీదంతా ఒక్కసారి కమ్ముకునేది. వెనక ఏట్లోకి ఇరవై రెండు రాతిమెట్లు దింపారు. గుండ్లకమ్మ నిండుగా పారేది ఏడాదికి మూడు నెలలు. మిగతా కాలం ఆ మెట్లు ఇసుకలోకి దిగేవి. "శెట్టిగారు నీళ్లు లేని ఏటికి రేవు కట్టినాడు" అని పల్లెలో నవ్వుకునేవాళ్లు. తాతకు ఆ మాట చేరినా నొచ్చుకునేవాడు కాడట.

అత్తకు పదిహేనేళ్లకే యర్రగొండపాలెంలో ఇచ్చారు. మూడేళ్లు తిరగకుండా మామ విషజ్వరంతో పోయాడు. తిరిగొచ్చిన కూతురికి తాత ఏటివైపు గది చూపించి "నువ్వున్నన్నాళ్లు ఇది నీది" అన్నాడు. కాగితం మీద ఏమీ రాయలేదు. నాకు ఊహ తెలిసేసరికి అత్తకు నలభై దాటాయి. పలచటి మనిషి, పెద్ద చేతులు. ఇంట్లో ముప్పై ఆరు కిటికీలు. వాటి తలుపులకు అడ్డంగా ఏటవాలు చెక్క రెక్కలు అమర్చి ఉండేవి, గాలి వచ్చేది, ఎండ వచ్చేది కాదు. పొద్దు పొడవకముందే అవన్నీ తెరవడం, ఎండ ముదిరేలోగా మూయడం అత్త పని. కింది గడియలు నావి, పై గడియలు అత్తవి. "లోపలున్నోళ్లకు బయట కనపడుతుంది పాపా, బయటున్నోళ్లకు లోపల కనపడదు. దొరసానులు ఇట్లనే చూస్తారంట" అని రెక్కల సందుల్లోంచి ఏరు చూపించేది. నెలకొకసారి చెక్కకు ఆముదం పట్టించేది. ఆ ఆముదం వాసన ఆమె చీర కొంగులో ఎప్పుడూ ఉండేది. నడుస్తూ నడుస్తూ ఆగి గోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేది. లోపల బోలు పడితే ఆమెకు తెలిసేది, మరునాడు మస్తానమ్మకు కబురు పోయేది. మస్తానమ్మ సున్నం ముంతతో వచ్చి అతుకు వేసేది. పని అయ్యాక ఇద్దరూ ఏటి మెట్ల మీద కూర్చుని, ఎవరి మూట వాళ్లు విప్పుకుని జొన్నరొట్టె తినేవాళ్లు. అత్త తన ఊరుబిండి పచ్చడిని మస్తానమ్మ రొట్టె మీదకు వంగకుండా, తాకకుండా పైనుంచి జారవిడిచేది. అది చూసి ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

తాత పోయాడు, రెండేళ్లకు అవ్వ పోయింది. ఆ తర్వాత మా నాయనకూ చిన్నాయనకూ మాటలు తగ్గాయి. దేనికి మొదలైందో నాకు ఈనాటికీ సరిగ్గా తెలియదు. ఏదో పెళ్లిలో పెద్దవాళ్లు ఎవరి పేరు ముందు పిలిచారన్న దగ్గర మొదలైందని అమ్మ అనేది. చివరికి పంచుకుందామన్నారు. పంపకానికి కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన ఇల్లంతా తిరిగి చూసి, "ఇంత సులువుగా పంచే ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు. నడుమ గీత గీస్తే ఇటెంతో అటంతే" అని సంతోషించాడు. నిజమే. తాత పలక మీద గీసిన బొమ్మ కుడిఎడమలు సరిసమానం. అత్త వాటా మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకముందే ఆమే అంది, "నాకెందుకు నాయనా, రెండు ఇండ్లూ నావే కదా." ఖాసిం మేస్త్రి కొడుకును పిలిస్తే ఆ గోడ తాను కట్టనన్నాడు. కంభం నుంచి వేరే మనుషులు వచ్చి తొమ్మిది రోజుల్లో కట్టారు. ఒక వంపు మెట్లు మాకు, ఒక వంపు వాళ్లకు. పైన కలిసే చోట గోడ. ఆ తొమ్మిది రోజులూ అత్త హాల్లోనే ఒక మూల కూర్చుంది. ఏడవలేదు. ఇటుకలు తడపడానికి నీళ్లు కావాలంటే లేచి తెచ్చిచ్చింది.

అత్త ఆరునెలలు మా వైపు, ఆరునెలలు వాళ్ల వైపు ఉండాలని మాట అయింది. ఏటి గది వాళ్ల వాటాలోకి పోయింది. మా వంతులో ఆమె బియ్యం బస్తాల గదిలో పడుకునేది. మొదట్లో అలవాటు కొద్దీ తెల్లవారుజామున చుట్టూ తిరిగి ఆ వైపు కిటికీలు కూడా తెరవబోయింది. పిన్నమ్మ ఎదురొచ్చి "మా కిటికీలు మేం తెరుచుకుంటాం వదినా" అంది. కటువుగా కూడా అనలేదు. ఆ రోజు నుంచి అత్త మా పద్దెనిమిదింటితో సరిపెట్టుకుంది. వంతు మారే రోజు దగ్గరపడే కొద్దీ రెండు ఇళ్లలోనూ ఆడవాళ్లు క్యాలెండరు చూసేవాళ్లు. ఒక రోజు ముందు పంపితే ఒక గొడవ, ఒక రోజు ఆలస్యమైతే ఒక గొడవ.

నాకు పన్నెండేళ్లప్పుడు, మే నెలలో, వాళ్ల వంతు ఇంకా తొమ్మిది రోజులు ఉండగా, చిన్నాయన వాళ్లు పెళ్లికని పామూరు పోతూ ఇంటికి తాళం వేశారు. అత్త ఆ పొద్దున మస్తానమ్మ కూతురు కాన్పైతే చూడటానికి ఏరు దాటి పోయి ఉంది. ఆమె మా దగ్గరికి వస్తుందిలే అనుకున్నారో, మా మీదికి తోయాలనే వేశారో తెలియదు. నాయన మార్కాపురంలో ఉన్నాడు. అమ్మ తాళం చూసొచ్చి చాలాసేపు వంటింట్లో ఊరికే నిలబడింది. తర్వాత నన్ను పిలిచింది. "ఇయ్యాల తలుపు తీసినామంటే ఇంక ఏడాదంతా మన ఇంట్లోనే. వాళ్లు ఎప్పుడూ ఇట్లనే తాళాలేసుకుని పోతారు. గడియ పెట్టు పాపా" అంది. మా అమ్మ చెడ్డమనిషి కాదు. ఆమెను కూడా ఆ గోడ అట్లా చేసింది. నేను గడియ పెట్టాను.

మిట్టమధ్యాహ్నం అత్త వచ్చింది. ముందు వాళ్ల తాళం కదిలించిన చప్పుడు, తర్వాత మా గడప మీద అడుగుల చప్పుడు. తలుపు కొట్టింది. నేను తలుపు వెనకే ఉన్నాను. రెండోసారి కొట్టి, "మరదలా, నేను. కాసిన్ని నీళ్లియ్యి, మళ్ల గడియ పెట్టుకో" అంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది, కాని తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి గడియ మీద ఉంది. కాసేపటికి మూడోసారి, మెల్లగా, గోడను తట్టి చూసేటట్టు తట్టింది. నేను తీయలేదు. ఆ తర్వాత చప్పుడు లేదు. కిటికీ దగ్గరికి పరుగెత్తి రెక్కల సందులోంచి చూశాను. అత్త కొంగు తల మీద వేసుకుని ఏటి మెట్లు దిగుతోంది. ఇసుక మీదికి పోయాక తెలిసింది, ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. లోపలికి రానిస్తామనుకుని మా గడప దగ్గర విడిచి, మళ్లీ వేసుకోవడం మరిచిపోయింది. ఆ ఎండలో ఇసుక ఎట్లా కాలుతుందో మాకు తెలుసు. ఆమె పరుగెత్తలేదు. మామూలుగానే నడిచి అవతలి గట్టెక్కింది.

ఆమె ఇక తిరిగి రాలేదు. నాయన విషయం తెలిసి రెండు రోజులు అన్నం ముట్టలేదు, మనిషిని పంపాడు. "బాగుండాను, ఈడనే ఉంటానని చెప్పు" అని అత్త కబురు పంపింది. మస్తానమ్మ తన ఇంటి పక్కన ఒక చుట్టుపాక వేసిచ్చింది, అత్త అందులో తన పొయ్యి తాను పెట్టుకుంది. చుట్టాలు దూదేకులోళ్ల పంచన ఉండేదాన్ని ఇంక ఇంట్లోకి ఎట్లా రానిస్తారన్నారు. ఆ మాట నాయనకూ చిన్నాయనకూ కూడా ఒక సాకుగా దొరికింది. అన్నదమ్ములు మిగతా అన్నింటికీ తగాదా పడ్డారు, ఆ ఒక్క దాంట్లో మాత్రం తగాదా రాలేదు. మా పైగది వెనక కిటికీలోంచి చూస్తే ఏటి అవతల ఆ పాక కనిపించేది. పొద్దున పొగ లేచేది. ఇసుకలో నడిస్తే పది నిమిషాల దూరం. ఏడేళ్లు చూశాను, పోలేదు. మొదట భయంతో, తర్వాత సిగ్గుతో. కిటికీలు తెరిచేవాళ్లు లేక ఇల్లంతా ముక్కిపోయిన వాసన పట్టింది. గోడలు ఎక్కడెక్కడ బోలుపడ్డాయో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు శ్రీనూ నేనూ బాగానే ఉంటాం. నా మోకాళ్లకు మందులు వాడే తెస్తాడు. మేడ అమ్మే మాట వచ్చినప్పుడు అయిదు నిమిషాల్లో ఒప్పుకున్నాం, ఒకరి మీద ఒకరికి అనుమానం రాలేదు. కిటికీలూ కప్పు పలకలూ ఎక్కడో కట్టే హోటలుకు పోతాయట. ఇంత తేలికగా మాట్లాడుకోవడం మాకు వచ్చినప్పుడు మా పెద్దవాళ్లకు ఎందుకు రాలేదని అనుకుంటాను. వాళ్లు మాకంటే ప్రేమలేని మనుషులేమీ కారు. మాకు పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు, అందుకే తేలికైందేమో.

నాకు పంతొమ్మిదో ఏట పామూరులో పెళ్లయింది. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు అత్త మంచం పట్టిందని తెలిసింది. పోతానని అమ్మతో చెప్పాను. అమ్మ అడ్డు చెప్పలేదు, ఒక గిన్నెలో నెయ్యి పోసి చేతికిచ్చింది. పాక ముందు మస్తానమ్మ చాటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. నన్ను చూసి "ఇప్పుడొచ్చినావా తల్లీ" అని మాత్రం అని పక్కకు జరిగింది. లోపల నులకమంచం మీద అత్త గుప్పెడైపోయి ఉంది. ఆ పెద్ద చేతులు మాత్రం అట్లాగే ఉన్నాయి.

"పాపవేనా?"

"నేనే అత్తా."

నా కడుపు మీద చెయ్యి వేసి ఎన్నో నెలని అడిగింది, ఏమి తింటున్నావని అడిగింది. "అత్తా, ఆ పొద్దు తలుపు..." అని ఆగిపోయాను.

"తెలుసు" అంది. "తలుపెనక నువ్వే ఉంటివి. నీ గాజులు మోగినాయి."

ఆమే మెల్లగా చెప్పింది.

"మీ అమ్మ ఒక్కతే ఉండింటే రెండుసార్లు కొట్టి పోయేదాన్ని. నువ్వున్నావని తెలిసే మూడోసారి కొట్టినా. నువ్వు తీస్తావేమోనని. అది నేను చేసిన తప్పు పాపా. చిన్నపిల్ల, పెద్దోళ్లు చెప్పింది చేస్తాది. దాని మీద అంత బరువు పెట్టగూడదు. ఇన్నేండ్లుగా అదే అనుకుంటాండా. మనసులో పెట్టుకోవాకు."

నేను ఆమె పాదాల మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె నన్ను దగ్గరికి రమ్మంది. నా జుట్టులో వేళ్లు పెట్టి పడుకునే చిక్కు తీసింది.

పదకొండు రోజుల తర్వాత, ఎండ బాగా ఎక్కిన వేళ, అత్త పోయిందని కబురు వచ్చింది. నాయన ఒక పక్క నుంచి, చిన్నాయన ఒక పక్క నుంచి ఏరు దాటారు. నిండు నెలలని వద్దన్నా వినకుండా నేనూ వెనకే పోయాను. ఇద్దరూ మస్తానమ్మ వాకిట్లో ఎడంగా నిలబడ్డారు. నాయన ఒక అడుగు ముందుకు వేశాడు. "మస్తానమ్మా, మా అక్కను ఇంటికి తీసుకపోతాం" అన్నాడు.

మస్తానమ్మ లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంది. "తీసుకపోండి అయ్యా. మీ అక్క, మీ ఇల్లు. మేమిద్దరం నీళ్లు మోసి కట్టిన ఇల్లు. నేనెట్ల వద్దంటాను" అంది. తర్వాత ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కోపం లేకుండా, తెలియక అడిగినట్టే అడిగింది.

"ఏ వాకిట్లో దించుతారు?"

నాయన చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన నాయన వైపు చూశాడు. ఒకరు నోరు తెరిస్తే చాలని నేను ఎదురుచూశాను, అక్కడున్న పల్లెవాళ్లంతా ఎదురుచూశారు. ఈగలు ముసురుతున్నాయని మస్తానమ్మ లోపలికి పోయి, అత్త పక్కన కూర్చుని కొంగుతో విసరడం మొదలుపెట్టింది. నాయన తల దించుకుని, పాడెకు వెదురు ఎక్కడ దొరుకుతుందని ఆ పల్లెవాళ్లనే అడిగాడు.